అర్థం ఒకటే, ఫలితం వేరు: వైరస్ ప్రోటీన్లపై పర్యాయ ఉత్పరివర్తనాల ప్రభావం

గాలికుంటు వ్యాధిని కలిగించే వైరస్ తన చుట్టూ కట్టుకొనే కవచానికి కావలసిన సమాచారం దాని జన్యుపదార్థంలో పి1 అనే భాగంలో ఉంటుంది. అమెరికాలోని ప్లమ్ ఐలండ్ పశువ్యాధి పరిశోధన కేంద్ర శాస్త్రజ్ఞులు ఈ భాగంలో 489 అక్షరాలను, అనగా దాదాపు అయిదోవంతును, మార్చి ఒక వైరస్‌ను రూపొందించి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. ఇన్ని అక్షరాలు మారినా ఆ భాగం నుండి తయారయ్యే ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లమైనా మారలేదు. పాత కవచం, కొత్త కవచం అమైనో ఆమ్లాల వరుసలను పక్కపక్కన పెట్టి చదివితే ఏ భేదమూ కనిపించదు. అయినప్పటికీ ఎలుకలలోను, పందులలోను ఆ వైరస్ వ్యాధి కలిగించే శక్తిని చాలావరకు కోల్పోయింది. అదే సమయంలో వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలను మాత్రం బలంగానే పుట్టించింది.

ప్రోటీను మారకుండా వైరస్ స్వభావం ఎట్లా మారింది? ఈ ప్రశ్నకు లభిస్తున్న సమాధానాలు గాలికుంటు టీకాకు మాత్రమే పరిమితమైనవి కావు. బొప్పాయి తోటలోని వైరస్‌కు, కోళ్ల షెడ్డులోని వైరస్‌కు కూడ అవి వర్తిస్తాయి.

మౌనమన్న పేరు

జన్యుసంకేతం మూడేసి అక్షరాల మాటలతో రాయబడినది. ఈ మూడక్షరాల మాటనే కోడాన్ అంటాము. ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాలతో 64 కోడాన్లు ఏర్పడతాయి. వాటిలో మూడు పాఠం ముగిసిందని తెలిపేవి. మిగిలిన 61 కోడాన్లు 20 అమైనో ఆమ్లాలకు సంకేతాలు. కావున చాలా అమైనో ఆమ్లాలకు ఒకటికి మించి కోడాన్లు ఉన్నాయి. ల్యూసీన్, సెరీన్, ఆర్జినీన్‌లకు ఆరేసి ఉండగా, మెథియోనీన్, ట్రిప్టోఫాన్‌లకు ఒక్కొక్కటే ఉన్నది. ఈ సంకేతాన్ని ఛేదించినందుకే హరగోవింద ఖొరానా, మార్షల్ నిరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీలకు 1968లో నోబెల్ బహుమతి లభించింది. పది ల్యూసీన్లు వరుసగా ఉన్న చిన్న గొలుసును రాయాలన్నా ఆరు కోట్లకు పైగా విధాలున్నాయి. వైరస్ వాటిలో ఒకదానిని ఎన్నుకొన్నది.

ఒక కోడాన్ అదే అమైనో ఆమ్లాన్ని సూచించే మరొక కోడాన్‌గా మారడమే పర్యాయ ఉత్పరివర్తనం. దీనికి పాఠ్యగ్రంథాలలో మరొక పేరు కూడ ఉన్నది: మౌన ఉత్పరివర్తనం. 1968లోనే జపాను శాస్త్రజ్ఞుడు మోటూ కిమురా ప్రతిపాదించిన తటస్థ పరిణామ సిద్ధాంతం, జన్యువులలో స్థిరపడే మార్పులలో అధికభాగం జీవికి లాభమూ నష్టమూ కానివని వాదించింది. అట్టి మార్పులకు పర్యాయ ఉత్పరివర్తనాలు మంచి ఉదాహరణగా నిలిచాయి. లెక్కలు కట్టడానికి అది అక్కరకు వచ్చే భావనే. కాని ఆ భావన క్రమేణా అలవాటుగా మారింది. మన విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో తరచుగా కనిపించే వాక్యం ఒకటున్నది: "గుర్తించిన మార్పులు పర్యాయమైనవి కావున వాటిని పరిగణించలేదు." ఈ వాక్యం ఎల్లప్పుడూ తప్పు కాదు. అయితే పరీక్షించి చూచి రాసినది కాదు.

పద్యం రాసేవారికి ఈ సంగతి కొత్తది కాదు. జలము, నీరు, ఉదకము ఒకే అర్థమిచ్చే మాటలు. జలము మూడు లఘువుల న గణం, నీరు ఒక గురువూ ఒక లఘువూ, ఉదకము నాలుగు లఘువులు. ఒకదాని చోట మరొకటి పెడితే అర్థం చెడదు, నడక చెడుతుంది. కణంలో పాఠం చదివే రైబోజోముకు కూడ నడకతో పని ఉన్నది.

చేతివేగం

రైబోజోము ఒక్కొక్క కోడాన్‌ను చదివినప్పుడల్లా దానికి తగిన టీఆర్‌ఎన్‌ఏ అమైనో ఆమ్లాన్ని మోసుకొని రావాలి. అన్ని రకాల టీఆర్‌ఎన్‌ఏలు కణంలో సమానంగా ఉండవు. సమృద్ధిగా ఉన్నవాటిని కోరే కోడాన్‌లను రైబోజోము వేగంగా దాటిపోతుంది, అరుదైనవాటిని కోరే కోడాన్‌ల దగ్గర కొంత ఆగుతుంది. ప్రోటీను పూర్తిగా తయారైన తరువాత ముడుచుకోవడం మొదలుపెట్టదు. రైబోజోము నుండి బయటికి వస్తూండగానే ముందుభాగం ముడుచుకోసాగుతుంది. జిలేబీ చుట్టేవాని చేతివేగం మారితే పిండి అదే అయినా చుట్ట రూపం మారినట్లు, చదివే వేగం మారితే ప్రోటీను ఆకృతి మారే అవకాశం ఉన్నది. ప్రోటీను పని దాని ఆకృతిని బట్టే ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే కాదని చూపిన ప్రసిద్ధ ప్రయోగం వైరస్‌కు సంబంధించినది కాదు. మానవ కణాల నుండి మందులను బయటికి తోడివేసే పి-గ్లైకోప్రోటీన్ జన్యువులో ఒక పర్యాయ మార్పును అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు పరిశీలించి 2007లో ఫలితాలను వెల్లడించారు. ప్రోటీను పరిమాణం తగ్గలేదు, అమైనో ఆమ్లాల వరుస మారలేదు. అయినా దాని ఆకృతిలోను, కొన్ని మందులతోను నిరోధకాలతోను అది వ్యవహరించే తీరులోను తేడా వచ్చింది.

వైరస్‌లలో ఇందుకు సరితూగే ఉదాహరణ కామెర్లను కలిగించే హెపటైటిస్ ఎ వైరస్. గాలికుంటు, పోలియో వైరస్‌లు దీని కుటుంబానికి చెందినవే. అయితే ఒక విషయంలో ఇది వాటికి భిన్నమైనది. పోలియో, గాలికుంటు వైరస్‌లు కణంలో ప్రవేశించగానే ప్రోటీన్ల తయారీకి అవసరమైన ఒక కారకాన్ని తెగగొట్టి అతిథేయి ప్రోటీన్ల తయారీని ఆపివేస్తాయి. అప్పుడు కణంలోని టీఆర్‌ఎన్‌ఏలు వైరస్‌కే దక్కుతాయి. హెపటైటిస్ ఎ వైరస్‌కు ఆ శక్తి లేదు. పైగా ఆ కారకం చెక్కుచెదరకుండా ఉంటేనే దాని పని జరుగుతుంది. కావున టీఆర్‌ఎన్‌ఏల కొరకు కణంతో పోటీ పడుతూనే అది బ్రతకాలి. దాని కవచ జన్యువులో అరుదైన కోడాన్లు గుంపులు గుంపులుగా కనిపించడాన్ని బార్సెలోనా విశ్వవిద్యాలయంలో రోసా పింటో, ఆల్బర్ట్ బోష్‌ల బృందం ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది.

2010లో వారు ప్రచురించిన ప్రయోగాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆక్టినోమైసిన్ డి అనే మందు కణంలో డీఎన్‌ఏ నుండి ఆర్‌ఎన్‌ఏ తయారు కావడాన్ని అడ్డుకొంటుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏకు దానితో ఇబ్బంది లేదు. ఈ మందు సమక్షంలో అతిథేయి పాఠాలు తగ్గిపోయి టీఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా అందుబాటులోకి వస్తాయి. సాధారణ తర్కం ప్రకారం వైరస్‌కు ఇది పండుగ కావాలి. జరిగినది అందుకు విరుద్ధం: వైరస్ సామర్థ్యం మొదట తగ్గింది. తరతరాలుగా ఆ పరిస్థితిలోనే పెంచగా, కవచ జన్యువులో కోడాన్ల ఎంపిక మారిన వైరస్‌లు ప్రబలి, కోల్పోయిన సామర్థ్యం తిరిగి వచ్చింది. ఆ మార్పు కూడ వేగవంతమైన కోడాన్ల వైపు కాక, కొత్త పరిస్థితిలో మళ్లీ నెమ్మది కలిగించే కోడాన్ల వైపు సాగింది. ఈ వైరస్‌కు కావలసినది గరిష్ఠ వేగం కాదని, కవచం సరిగా ముడుచుకోవడానికి తగిన వేగమని పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు.

అరుదైన కోడాన్ అంటే చెడ్డ కోడాన్ అని భావించే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. బాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పరాయి జన్యువును ప్రవేశపెట్టి ప్రోటీను తీయదలచినప్పుడు కోడాన్లన్నింటినీ 'మెరుగుపరచి' ఇవ్వమని సంశ్లేషణ సంస్థను కోరుతాము. ప్రోటీను పుష్కలంగా వచ్చి, కరగని ముద్దగా మిగిలిపోయినప్పుడు ఉష్ణోగ్రతను తప్పుపడతాము. ఆ ప్రోటీను నడకలో ఉండవలసిన విరామాలను మనమే చెరిపివేశామేమో అన్న అనుమానం అరుదుగా వస్తుంది.

జంట కోడాన్ల వివాదం

వైరస్‌ను కావాలని తప్పు నడకలో పెట్టవచ్చునన్న ఆలోచనను ఆచరణలో చూపినది న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఎకార్డ్ విమ్మర్ బృందం. 2006లో వారు పోలియో కవచ జన్యువును అరుదైన కోడాన్లతో తిరగరాశారు. వైరస్ రేణువులు తయారయ్యాయి. రేణువు పైకి మామూలుదే. కాని ఒక్కొక్క రేణువు కణాన్ని రోగగ్రస్తం చేసే శక్తి ఎన్నో రెట్లు పడిపోయింది. కణంలోకి చేరిన ఒక్క జన్యుప్రతి నుండి తొలి ప్రోటీన్లు తగినంతగా రాకపోతే ఆ ప్రయత్నం అక్కడే ముగుస్తుంది. 2008లో అదే బృందం మరొక మార్గం తొక్కింది. కోడాన్ల సంఖ్యను మార్చకుండా, అతిథేయి జన్యువులలో అరుదుగా పక్కపక్కన కనిపించే కోడాన్ల జంటలు ఎక్కువగా వచ్చేటట్లు వాటి స్థానాలను మాత్రమే తారుమారు చేసింది. అప్పుడు కూడ వైరస్ బలహీనపడింది.

ఇక్కడే వివాదం మొదలైంది. ఒక కోడాన్ సి తో ముగిసి తరువాతి కోడాన్ జి తో మొదలైతే వాటి సంధిలో సి-జి జంట ఏర్పడుతుంది. అతిథేయి జన్యువులలో అరుదైన కోడాన్ జంటలలో ఇట్టివే ఎక్కువ. కావున బలహీనతకు కారణం కోడాన్ల జంటా, లేక ఆ సంధిలోని అక్షరాల జంటా? పీటర్ సిమ్మండ్స్ సహచరులతో కలిసి ఎకోవైరస్ 7 పై చేసిన ప్రయోగాల ఆధారంగా, అక్షరాల జంటే అసలు కారణమని 2014లో ప్రకటించారు. స్టోనీ బ్రూక్ వారు అంగీకరించలేదు. 2017లో హెచ్‌ఐవి పై జరిగిన పరిశోధన, సి-జి జంటలు అధికంగా ఉన్న వైరస్ ఆర్‌ఎన్‌ఏను మానవ కణంలోని జాప్ అనే ప్రోటీను గుర్తించి పట్టుకొంటుందని చూపింది. నా అభిప్రాయంలో రెండు కారణాలూ పనిచేస్తున్నాయి, ఏది ఎంత అన్నది వైరస్‌ను, అతిథేయిని బట్టి మారుతుంది. టీకా తయారుచేసేవారికి ఈ భేదం ముఖ్యమైనది. మొదటిదైతే వైరస్ ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది, రెండవదైతే అతిథేయి రక్షణవ్యవస్థ మేల్కొంటుంది.

కోళ్లలో మారెక్స్ వ్యాధి వైరస్ పై ఈ పద్ధతిని బెర్లిన్ శాస్త్రజ్ఞులు ప్రయోగించి 2018లో ప్రచురించారు. వైరస్ డీఎన్‌ఏను నకలు చేసే పాలిమరేజ్ జన్యువులో కోడాన్ జంటలను చెడగొట్టగా ఆ ఎంజైము ఉత్పత్తి తగ్గి, కణాలలోను కోళ్లలోను వైరస్ పెరుగుదల కుంటుపడింది. అప్పటిదాకా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకే పరిమితమైన పద్ధతి పెద్ద డీఎన్‌ఏ వైరస్‌లకు కూడ పనికివస్తుందని తేలింది.

ఒకే వరుసలో రెండు పాఠాలు

మొక్కల వైరస్‌లకు వస్తే కథ మరొక మలుపు తిరుగుతుంది. రాయలసీమ బొప్పాయి రైతులకు ఉంగరపు మచ్చ తెగులు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పేనుబంక ద్వారా వ్యాపించే ఈ తెగులుకు కారణమైన వైరస్ పోటీవైరస్‌ల తెగకు చెందినది. పదివేల అక్షరాలకు కొంచెం మించిన దీని ఆర్‌ఎన్‌ఏ అంతా ఒకే పొడవైన ప్రోటీనుగా చదవబడి, తరువాత ముక్కలవుతుందని చాలాకాలం అనుకొన్నారు. 2008లో బెట్టీ చుంగ్, అలెన్ మిల్లర్, జాన్ అట్కిన్స్, ఆండ్రూ ఫర్త్ ఈ వైరస్‌ల పి3 జన్యుభాగంలో మరొక చిన్న పాఠం దాగి ఉన్నదని కనుగొన్నారు. మూడేసి అక్షరాల విభజన ఒకచోట జరిగితే అదే వరుసలో వేరే మాటలు వినిపిస్తాయి. ఆ రెండవ పాఠానికి పిపో అని పేరు పెట్టారు.

పిపోను కనుగొన్న మార్గమే మన చర్చకు ప్రాణం. అనేక పోటీవైరస్‌ల క్రమాలను పోల్చినప్పుడు, స్వేచ్ఛగా మారవలసిన పర్యాయ స్థానాలు ఆ ఒక్క ప్రాంతంలో మారకుండా నిలిచి ఉన్నాయి. మౌనమైన అక్షరాలు అక్కడ ఎందుకు కదలడం లేదన్న ప్రశ్నే దాగిన ప్రోటీనును పట్టిచ్చింది. తరువాత టర్నిప్ మొజాయిక్ వైరస్‌లో, ప్రధాన పాఠంలో అమైనో ఆమ్లం మారకుండా పిపో మాత్రమే తెగిపోయేటట్లు అక్షరాలు మార్చి చూచారు. ఆ వైరస్ మొక్కను వశపరచుకోలేకపోయింది. ఈ ప్రోటీను వైరస్‌ను ఒక కణం నుండి పక్కకణానికి దాటించే మార్గం వద్ద పనిచేస్తుందని ఆ తరువాత తెలిసింది. ప్రధాన ప్రోటీను పట్టికలో 'పర్యాయం' అని రాసుకొన్న మార్పు రెండవ ప్రోటీనుకు మరణశాసనమైంది.

బొప్పాయి విషయంలో మరొక మాట చెప్పక తప్పదు. 1998లో హవాయి రైతులకు అందిన రెయిన్‌బో, సన్‌అప్ అనే జన్యుమార్పిడి రకాలు వైరస్ కవచ జన్యువును తమలో ఇముడ్చుకొని తెగులును తట్టుకొంటాయి. ఈ తట్టుకొనే శక్తి ప్రోటీను వలన వచ్చినది కాదు. ఆర్‌ఎన్‌ఏ అక్షరాల పోలికను బట్టి మొక్క వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయడం వలన వచ్చినది. అందుచేతనే ఇతర ప్రాంతాల వైరస్ రకాల ముందు రెయిన్‌బో తలవంచింది. కవచ ప్రోటీను ఒకేలా ఉన్నదా అన్నది ఇక్కడ చాలినంత ప్రశ్న కాదు. అక్షరాలు ఎంతవరకు కలుస్తున్నాయన్నదే లెక్క. మన ప్రాంతపు వైరస్‌కు తగిన రకాన్ని ఈ మార్గంలో రూపొందించదలచినవారు మన తోటలలోని వైరస్‌ల పర్యాయ భేదాలను కూడ నమోదు చేయవలసి ఉంటుంది.

గాలికుంటు టీకా సంగతి

గాలికుంటుకు మనం వాడే టీకా చంపిన వైరస్‌తో చేసినది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆరు నెలలకొకసారి వేయడానికి కారణం దాని రక్షణ ఎక్కువకాలం నిలవకపోవడమే. టీకా కొరకు తీవ్రమైన సజీవ వైరస్‌ను పెద్దఎత్తున పెంచి, తరువాత చంపాలి. ఆ దశలో పొరపాటు జరిగితే ఏమవుతుందో 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ వద్ద తెలిసింది. పరిశోధన, టీకా తయారీ కలిసి ఉన్న ఆవరణలోని మురుగుగొట్టాల నుండి వైరస్ బయటపడి సమీప పశువులకు సోకింది. పర్యాయ మార్పులతో బలహీనపరచిన వైరస్‌నే పెంచి, దానినే చంపి టీకాగా వాడితే ఈ ప్రమాదం తగ్గుతుంది. కవచంలో అమైనో ఆమ్లాలన్నీ అవే కావున రోగనిరోధక స్పందన తగ్గకూడదు. పందులలో ప్రతిరక్షకాలు బలంగా రావడం ఈ ఆశకు ఆధారం. అయితే రోగశక్తిలో తేడా ఉన్నా తయారీకి సరిపడేంతగా ఆ వైరస్ పెరగాలన్న షరతు కూడ ఉన్నది.

సజీవ టీకాగానే వాడవచ్చునా అన్నది వేరే ప్రశ్న. పాత పద్ధతిలో బలహీనపరచిన వైరస్‌లలో రెండు మూడు అక్షరాలపైనే భద్రత ఆధారపడి ఉండేది. సేబిన్ పోలియో టీకా వైరస్‌లు కొన్నిసార్లు పూర్వపు తీవ్రతను తిరిగి పొందడానికి కారణం అదే. వందల మార్పులున్నప్పుడు ఒక్కొక్కటి చేసే చెరుపు స్వల్పం. వాటినన్నింటిని వెనక్కు తిప్పుకోవడం వైరస్‌కు సులభం కాదు. ఈ వాదన బలమైనదే కాని సంపూర్ణం కాదు. ఈ కుటుంబపు వైరస్‌లు రెండు ఒకే కణంలో కలిసినప్పుడు జన్యుభాగాలను మార్చుకొంటాయి. గాలికుంటు వైరస్ తిరుగాడే మన దేశంలో, తిరగరాసిన పి1 భాగాన్ని వదిలించుకోవడానికి టీకా వైరస్‌కు ఒక్క కలయిక చాలు.

పోలియోలో ఈ ప్రమాదానికి ఆలోచించిన ఉపాయం కూడ పర్యాయ మార్పే. పోలియో వైరస్ 2సి ప్రోటీను జన్యువులో ఆర్‌ఎన్‌ఏ ఒక ఉచ్చులా మడతపడి ఉంటుంది. వైరస్ నకలు తీయడం మొదలుకావడానికి ఆ మడత అవసరం. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడకానికి అనుమతించిన కొత్త టైప్ 2 చుక్కల టీకాలో, 2సి ప్రోటీను మారకుండా ఆ మడతను చెడగొట్టి, దాని ప్రతిని జన్యుపదార్థం ఆరంభంలో, బలహీనతకు మూలమైన భాగం పక్కనే అమర్చారు. బలహీనభాగాన్ని వదిలించుకోబోతే మడత కూడ పోతుంది. గాలికుంటు వైరస్‌లో ఈ మడత సహజంగానే ఆరంభభాగంలో ఉన్నది కావున ఈ ఉపాయాన్ని యథాతథంగా తెచ్చుకోలేము.

మరొక చిక్కు క్షేత్రస్థాయిది. చంపిన టీకాను శుద్ధి చేసినప్పుడు కవచేతర ప్రోటీన్లు దాదాపు తొలగిపోతాయి. కావున ఆ ప్రోటీన్లకు ప్రతిరక్షకాలున్న పశువుకు వ్యాధి సోకినట్లు, లేని పశువు టీకా మాత్రమే పొందినట్లు పరీక్షలో తెలుస్తుంది. సజీవ వైరస్ పశువు శరీరంలో పెరిగితే ఆ ప్రోటీన్లన్నీ తయారవుతాయి. పి1లో ఎంత నేర్పుగా అక్షరాలు మార్చినా ఈ భేదం చెరిగిపోతుంది, వ్యాధి లేని ప్రాంతంగా నిరూపించుకోవడం కష్టమవుతుంది. ఈ కారణాల వలన మన పరిస్థితులలో దీని మొదటి ఉపయోగం టీకా కర్మాగారంలోనేగాని పశువుల పాకలో కాదని నేను భావిస్తున్నాను.

ప్రతి పర్యాయ మార్పుకు ఇంతటి ప్రభావం ఉంటుందని ఎవరూ అనుకోరాదు. ఈస్ట్ జన్యువులలో పర్యాయ మార్పులలో అధికభాగం హానికరమని 2022లో వెలువడిన ఒక అధ్యయనంపై, ఆధారాలు చాలవని ఇతర శాస్త్రజ్ఞులు వెంటనే అభ్యంతరం తెలిపారు. పైన చెప్పిన టీకా ప్రయోగాలలో కూడ ప్రభావం వందల మార్పుల కలయిక వలన వచ్చినదేగాని ఒక్కదాని వలన కాదు. ఒక్క మార్పు చాలిన సందర్భాలు ఆర్‌ఎన్‌ఏ మడతలు, అతివ్యాప్తమైన పాఠాలు ఉన్న చోట్లనే ఎక్కువగా కనిపిస్తాయి.

కావున మన ప్రయోగశాలలలో క్షేత్ర నమూనాల క్రమాలను నివేదించేటప్పుడు అమైనో ఆమ్లాల పట్టికతో పాటు న్యూక్లియోటైడ్ మార్పుల పట్టికను కూడ జతపరచడం మేలు. ఆ మార్పు పీసీఆర్ ప్రైమరు అతుక్కొనే చోట పడినదా, తెలిసిన మడతలో పడినదా, అదే వరుసలో మరొక పాఠం ఉన్నదా అన్న మూడు విషయాలను చూచుటకు కంప్యూటరు ముందు ఒక పూట చాలు. ప్రైమరు సంగతిని ముందు చూడడం మంచిది. దాని చివరి అక్షరం దగ్గర పడిన ఒక్క పర్యాయ మార్పు వలన, తెగులు సోకిన ఆకు నమూనాకు 'వైరస్ లేదు' అని సమాధానం వెళ్లవచ్చును.